రంగం పోయినోళ్లు కట్టిన ఊరు

బర్మా టేకు అంటే మన చిత్తూరు జిల్లాలో తెలియనోళ్లు ఉండరు, పాత మిద్దె ఇండ్లల్లో ద్వారబంధాలు చూపించి ఇది బర్మా కొయ్య, ఎన్నేండ్లయినా చెద పట్టదు అని గొప్పగా చెప్తారు. మద్రాసుకి పోతే బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్, మా నాయన కాలంలో టేప్‌రికార్డర్ కావాలన్నా ఫారిన్ వాచీ కావాలన్నా మన పక్కోళ్లు అక్కడికే పోయేవాళ్లు. ఆ కొయ్య ఏ ఊరి రేవులో ఓడ ఎక్కిందో, ఆ బజార్లో మొదట అంగళ్లు పెట్టుకున్నోళ్లు ఏ ఊరు వదిలేసి వచ్చినారో మాత్రం మన సీమలో ఎవరూ జాస్తి మాట్లాడరు. రెండింటికీ జవాబు ఒకటే, రంగూన్. ఇప్పుడు యాంగోన్ అంటారు. మయన్మార్‌కి అది రాజధాని కాదు గానీ అన్నిటికంటే పెద్ద ఊరు, 50 లక్షల మందికి పైగా ఉండే ఊరు.

నాకు దాని మీద ధ్యాస కలిగింది మా అత్తమ్మ వల్ల. వాళ్లది కళింగపట్నం దగ్గర, మామయ్య ఉద్యోగం మీద తిరుపతికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. వాళ్ల పక్క రంగూన్ అనరు, రంగం అంటారు. మన పక్క పెద్దోళ్లు మద్రాసు పోయినాడు, బెంగుళూరు పోయినాడు అన్నట్టు వాళ్లు రంగం ఎల్లిపోనాడు అంటారు, అంత మామూలుగా. అత్తమ్మ ఒకసారి చెప్పింది, "మాయమ్మ మా అమ్మమ్మ కడుపులో ఉండగా తాత రంగం ఎల్పోనాడు అమ్మాయ్, తిరిగొచ్చేసరికి మాయమ్మ బడికెల్తంది" అని. అప్పటినుంచి నేను ఈ ఊరి గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టినాను, చదివేకొద్దీ ఇది మన చరిత్రే కదా, ఎందుకు ఇది ఉత్తరాంధ్ర వాళ్ల ఇంటి కథగా మిగిలిపోయింది అనిపించింది.

ఊరు ఎట్ల పుట్టిందో ముందు చెప్తాను. కొండ మీద ష్వేడగోన్ పగోడా ఉండాది, బంగారు రేకులు కప్పిన స్తూపం, అది చాలా పాతది, దాని చుట్టూ డగోన్ అని ఒక చిన్న ఊరు ఉండేది. 1755లో అలౌంగ్‌పయా అనే రాజు దాన్ని గెల్చుకుని యాంగోన్ అని పేరు పెట్టినాడు. ఆ తర్వాత నూరేండ్లు కూడా కాకముందే ఇంగ్లీషోళ్లు 1852 యుద్ధంలో దాన్ని పట్టుకున్నారు. అప్పుడు అది నది పక్కన బురద, ఆటుపోట్లకి నీళ్లు లోపలికి వచ్చే చోటు. మాంట్‌గోమరీ అని ఒక డాక్టరు, ఫ్రేజర్ అని ఒక ఇంజనీరు కలిసి ప్లాన్ గీసినారు, సూలే పగోడాని నడిమధ్యలో పెట్టి, నిలువు అడ్డం గీతలు గీసినట్టు రోడ్లు. సన్న వీధులకి పేర్లు కూడా పెట్టకుండా నంబర్లే ఇచ్చినారు, ఇప్పటికీ అవే నంబర్లు. పెద్ద రోడ్లకి మాత్రం దొరల పేర్లు, డల్హౌసీ స్ట్రీట్, ఫేర్ స్ట్రీట్, ఫ్రేజర్ స్ట్రీట్ అని, అవి ఇప్పుడు మహా బండూల, పాన్సోడాన్, అనౌరఠా అయినాయి.

ఈ ఊరిని పెంచింది బియ్యం. ఇరావతి నది డెల్టా అంతా అప్పటికి అడవి, చిత్తడి. ఎగువ బర్మా నుంచి రైతులు దిగొచ్చి ఆ అడవిని కొట్టి మళ్లు చేసినారు, 1869లో సూయజ్ కాలువ తెరిచినాక యూరప్‌కి దారి దగ్గరయింది, ఇంక ఆగలేదు, రెండో ప్రపంచ యుద్ధం ముందు నాటికి ఏడాదికి సుమారు 30 లక్షల టన్నుల బియ్యం బర్మా నుంచి బయటికి పోయేది, లోకంలో అంత బియ్యం అమ్మే దేశం ఇంకోటి లేదు. అడవి కొట్టే రైతుకి ఎద్దులు కావాలి, విత్తనం కావాలి, కూలికి డబ్బు కావాలి, ఆ అప్పు ఇచ్చింది తమిళనాడు చెట్టినాడు నుంచి పోయిన చెట్టియార్లు. రంగూన్‌లో మొఘల్ స్ట్రీట్ వాళ్ల అడ్డా, అక్కడ నుంచి డెల్టాలో ఊరూరికీ డబ్బు పోయేది. వడ్లు కొనేది మిల్లు కంపెనీలు, స్టీల్ బ్రదర్స్ అందులో పెద్దది. 1920ల్లో నాలుగు పెద్ద యూరోపియన్ కంపెనీలు కలిసి ఒక కూటమి కట్టి వడ్ల ధర పెరగకుండా తొక్కిపెట్టినాయి, బుల్లింగర్ పూల్ అని దానికి పేరు. అంటే రైతుకి పైనుంచి ధర తక్కువ, కిందనుంచి వడ్డీ ఎక్కువ. 1930లో ధరలు కుప్పకూలినాక ఏమయిందంటే, దిగువ బర్మాలో ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930 నాటికి చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి నూటికి 6 వంతులు, 1938కి 25 వంతులు. వాళ్లకి భూమి మీద ఆశ లేదు, వాళ్లకి కావాల్సింది డబ్బు, కానీ రైతు కట్టలేకపోతే భూమే కదా చేతికి వచ్చేది. పోగొట్టుకున్న రైతు కండ్లకి మాత్రం పరాయోడు వచ్చి తన మడి లాక్కున్నాడు అనే కనపడుతుంది, ఆ బాధని నేను తప్పు పట్టలేను.

ఇప్పుడు మనోళ్ల సంగతి. మిల్లులో మూటలు మోసేది ఎవరు, రేవులో ఓడలకి లోడు ఎత్తేది ఎవరు, రిక్షా లాగేది ఎవరు, ఊరి మురుగు ఎత్తేది ఎవరు అని చూస్తే ఎక్కువమంది తెలుగోళ్లే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాలు, గంజాం పక్కనుంచి పోయినోళ్లు. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉండేది కదా, ఆ పేరు మీద అక్కడ తెలుగోళ్లందరినీ కోరంగీలు అనేవాళ్లు, అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, ఈ రేవులన్నిట్లో స్టీమర్లు ఆగి జనాన్ని ఎక్కించుకుని పోయేవి, డెక్కు మీద ఎండకీ వానకీ కూర్చుని బంగాళాఖాతం దాటినారు. 1920ల్లో ఏడాదికి మూడు లక్షలకి పైగా మనుషులు ఇండియా నుంచి రంగూన్‌లో దిగేవాళ్లు, దాదాపు అంతమంది తిరిగి పోయేవాళ్లు, కొందరు ఒక సీజన్ చేసుకుని వస్తే కొందరు రెండు మూడేండ్లు ఉండి నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేవాళ్లు. కొందరు మాత్రం రాలేదు.

ఎట్ల పోయేవాళ్లంటే మేస్త్రీ పద్ధతిలో. మన పక్క ఇటుక బట్టీలకి, చెరుకు కొట్టేదానికి మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని తోలుకుపోతాడు చూడండి, అచ్చం అదే. ఊర్లో అప్పులోళ్ల బాకీ తీర్చేదానికి కొంచెం, స్టీమర్ టికెట్‌కి కొంచెం మేస్త్రీ ఇస్తాడు, అక్కడ పోయినాక కూలి కంపెనీ నేరుగా చేతికి ఇవ్వదు, కాంట్రాక్టరుకి ఇస్తుంది, ఆయన పెద్ద మేస్త్రీకి, ఆయన చిన్న మేస్త్రీకి, అందరూ వాళ్ల వాళ్ల వాటా కోసుకున్నాక మిగిలింది కూలోడికి. తిండి ఖాతా మేస్త్రీ దగ్గరే, పండుకునే చోటూ ఆయనదే. ఒక గదిలో పట్టనంత మంది, పగలు పని చేసినోళ్లు రాత్రి, రాత్రి పని చేసినోళ్లు పగలు అదే చాప మీద పండుకునేవాళ్లు. రంగూన్ లాడ్జింగు ఇండ్ల ఇరుకు గురించి ప్రభుత్వం కూడా రిపోర్టులు రాయించింది, కానీ ఇండ్ల ఓనర్లు, కంపెనీలు, మునిసిపాలిటీ అందరికీ చవక కూలీ కావాలి కాబట్టి పెద్దగా మారింది లేదు.

పోయింది ఎక్కువగా మగోళ్లే, తెలుగు వాళ్లలో ఆడోళ్లు చాలా తక్కువ. కాబట్టి ఆ ఊరి ఆర్థిక చరిత్రలో సగం ఇటువైపు ఇండ్లల్లో జరిగింది అని నా నమ్మకం. మనియార్డరు వచ్చే దాకా అప్పుతో ఇల్లు నడిపింది ఎవరు, పొలం కౌలుకి ఇచ్చింది ఎవరు, ఆడబిడ్డ పెండ్లి చేసింది ఎవరు, ఆడోళ్లే. అత్తమ్మ వాళ్ల అమ్మమ్మ ఆ ఏడెనిమిదేండ్లు కూలికి పోయి పిల్లని సాకింది, రంగం డబ్బు వచ్చిన నెల్లో అప్పు తీర్చింది, రాని నెల్లో మళ్లీ అప్పు చేసింది. లక్షల టన్నుల బియ్యం లెక్క పుస్తకాల్లో దొరుకుతుంది, ఈ లెక్క యాడా దొరకదు.

రంగూన్ ఆ రోజుల్లో ఎట్లాంటి ఊరు అంటే, నాలుగు వీధులు తిరిగితే కాళికాదేవి గుడి, మసీదులు, చర్చీ, యూదుల ప్రార్థనా మందిరం, చైనా గుడి అన్నీ కనపడతాయి, అవన్నీ ఇప్పటికీ ఉండాయి. ఢిల్లీ ఆఖరి బాదుషా బహదూర్ షా జఫర్‌ని ఇంగ్లీషోళ్లు అక్కడికే పంపేసినారు, 1862లో అక్కడే చనిపోయినాడు, సమాధి కూడా అక్కడే. బర్మా ఆఖరి రాజు థీబోని 1885లో గద్దె దించి ఇటు రత్నగిరికి తెచ్చి పెట్టినారు, ఆయన ఇక్కడ పోయినాడు. 1920లో రంగూన్ యూనివర్సిటీ పెట్టిన వెంటనే స్టూడెంట్లు సమ్మె చేసినారు, ఆ రోజుని బర్మా వాళ్లు ఇప్పటికీ నేషనల్ డే అంటారు. ఊరు ఇంత కళకళలాడతా ఉన్నా ఒక విషయం మాత్రం బర్మా వాళ్లని కాల్చేది, 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా ఇండియా వాళ్లు, బర్మా వాళ్లు మూడో వంతే. రేవులో, బజార్లో హిందుస్తానీ వస్తేనే పని జరిగేది. మీ దేశంలో పెద్ద ఊరికి మీరు పోతే అక్కడ మీ భాష పనికి రాదు, ఉద్యోగం లేదు, అంగడి మీది కాదు, ఇల్లు మీది కాదు అంటే ఎట్లుంటాది. మనోళ్ల కష్టం చెప్పేటప్పుడు ఈ మాట వదిలేస్తే అది అన్యాయం.

ఇంక 1930. నన్ను అన్నిటికంటే జాస్తి కలవరపెట్టింది ఈ సంవత్సరమే. మే 5న రంగూన్‌కి దగ్గర్లో ఉండే పెగూలో పెద్ద భూకంపం వచ్చింది, రంగూన్ కూడా ఊగింది, మనుషులు పోయినారు. అదే రోజుల్లో ఇక్కడ గాంధీగారిని అరెస్టు చేసినారు. వడ్ల ధర పడిపోతా ఉంది. ఆ మే నెల్లోనే రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినారు. లోడింగ్ కాంట్రాక్టర్లు ఏం చేసినారు, పనిలేక తిరుగుతా ఉన్న బర్మా వాళ్లని పిలిచి ఆ పనిలో పెట్టినారు. కొన్ని దినాలకి కూలి మీద రాజీ కుదిరింది, తెలుగోళ్లు మళ్లీ పనిలోకి వచ్చినారు. మే 26 పొద్దున బర్మా కూలీలు ఎప్పటిలాగే రేవుకి వస్తే మీకు ఇంక పని లేదు పొండి అన్నారు. అక్కడ ఎగతాళి మాట ఒకటి లేచిందంటారు, చెయ్యి లేచిందంటారు, ఏదైనా గానీ ఆ గొడవ గంటల్లో ఊరంతా పాకింది. లాడ్జింగు ఇండ్లల్లోకి చొరబడి కొట్టినారు, రిక్షా లాగేవాళ్లని రోడ్డు మీదనే నరికినారు. సర్కారు లెక్కలోనే వందమందికి పైగా చనిపోయినారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే, బయట చెప్పుకునే లెక్క ఇంకా ఎక్కువ. వేలమంది దొరికిన స్టీమర్ ఎక్కి వెనక్కి వచ్చేసినారు.

దీన్ని చాలా చోట్ల బర్మా వాళ్లకీ ఇండియా వాళ్లకీ జాతి కొట్లాట అని ఒక్క లైన్లో రాసేస్తారు. నేను ఒప్పుకోను. మొదలయింది కూలి దగ్గర. ఒక పేదోడి కడుపు మీద ఇంకో పేదోణ్ణి కూర్చోబెట్టి, పని అయిపోయినాక ఇద్దరిలో ఒకణ్ణి పొమ్మన్న కాంట్రాక్టర్లకి గానీ, వాళ్ల వెనక ఉన్న కంపెనీలకి గానీ ఒక్క గాయం కాలేదు. మేస్త్రీ పద్ధతి లేకపోతే, రేవులో పని నేరుగా ఇచ్చుంటే, రెండు పక్కల వాళ్లూ ఒకే సంఘంలో ఉంటే ఆ పొద్దున అట్ల జరిగేది కాదు. కానీ ఆ గొడవ వేడిలోనే దోబామా అనే బర్మా జాతీయ సంఘం పుట్టింది, తర్వాత బర్మా స్వతంత్రం కోసం పోరాడిన ఆంగ్ సాన్ లాంటోళ్లు అందులోనుంచే పెరిగినారు, ఆ ఏడాది డిసెంబర్లో దిగువ బర్మా రైతులు సయా సాన్ అనే నాయకుడి వెనక తిరుగుబాటు చేసినారు. 1937లో బర్మాని ఇండియా నుంచి విడదీసినారు, 1938లో మళ్లీ గొడవలు, ఈసారి ముఖ్యంగా ఇండియా ముస్లింల మీద.

తర్వాత యుద్ధం. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినాయి. రేవు కూలీలు, మునిసిపాలిటీ పాకీ పనివాళ్లు, అంగళ్లోళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊరు విడిచినారు. అప్పుడు తెలిసింది ఆ ఊరు ఎవరి మీద నిలబడిందో, ఓడల్లో సరుకు దించేవాళ్లు లేరు, వీధుల్లో చెత్త ఎత్తేవాళ్లు లేరు, దినాల్లో ఊరు కుళ్లిపోయింది. మార్చి 1942లో జపాన్ వాళ్లు లోపలికి వచ్చినారు. స్టీమర్ టికెట్ దొరకని లక్షలమంది నడకదారి పట్టినారు, కొందరు టాంగప్ కనుమ దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి, కొందరు టామూ మీదుగా మణిపూర్‌కి. ఆ దారుల్లో కూడా తెల్లోళ్లకి ఒకటి నల్లోళ్లకి ఒకటి అని వేరు చేసినారు, మంచి దారి, క్యాంపులు, తిండి ముందు వాళ్లకి. కలరా, మలేరియా, ఆకలితో పదుల వేలమంది దారిలోనే పోయినారు. మా అత్తమ్మ వాళ్ల తాత రెండోసారి రంగం పోయి ఈ గుంపులోనే అరకాన్ దారిన నడిచొచ్చినాడు. ఆయనతో బయల్దేరిన తమ్ముడు రాలేదు. ఆయన బతికున్నంత కాలం ఆ తమ్ముడి పేరు ఎత్తలేదంట, తద్దినం కూడా ఏ రోజు పెట్టాలో తెలీక మహాలయ అమావాస్యకి పెడతా వచ్చినారు, ఇప్పటికీ ఆ రోజు మా ఇంట్లో ఆ పేరుకి ఒక విస్తరి వేస్తారు.

ఆ తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాను. యుద్ధంలో బోసుగారు ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని రంగూన్‌కి మార్చినారు, 1947 జూలై 19న సెక్రటేరియట్ బిల్డింగులో ఆంగ్ సాన్‌ని కాల్చి చంపినారు, 1948 జనవరి 4న స్వతంత్రం. 1950ల్లో రంగూన్ మళ్లీ లేచింది, మంచి యూనివర్సిటీ, మంచి ఎయిర్‌పోర్టు, ఆ దేశం మనిషి ఊ థాంట్ 1961లో ఐక్యరాజ్యసమితికి సెక్రటరీ జనరల్ అయినాడు. 1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు, జూలైలో స్టూడెంట్ యూనియన్ బిల్డింగునే పేల్చేసినారు.

మనకి సంబంధించి పెద్ద దెబ్బ 1964. అంతకుముందు ఏడు బ్యాంకులు, ఆ ఏడు అంగళ్లు, గోడౌన్లు అన్నీ సర్కారు తీసేసుకుంది, 50 క్యాట్, 100 క్యాట్ నోట్లు చెల్లవు అన్నారు, క్యాట్ అంటే మనకి రూపాయి లెక్క వాళ్ల డబ్బు. నాలుగు తరాలుగా అక్కడే ఉన్నోళ్లు, బర్మా భాష తప్ప సరిగ్గా ఇంకోటి రాని పిల్లలు, అందరూ ఓడ ఎక్కినారు. ఆ నాలుగైదేండ్లల్లో సుమారు మూడు లక్షల మంది. నగలు తెచ్చుకోనివ్వలేదు, డబ్బు తెచ్చుకోనివ్వలేదు, మద్రాసులో విశాఖలో దిగేసరికి చేతిలో మూట తప్ప ఏం లేదు. విశాఖలో బర్మా క్యాంపు అట్ల వచ్చిందే, మద్రాసు బర్మా బజారూ అట్ల వచ్చిందే. మన జిల్లా వాళ్లు వాచీలకి పోయి బేరం ఆడిన అంగళ్ల వెనక ఇంత కథ ఉండాది. అక్కడ బండ్ల మీద అమ్మే అత్తో నూడుల్స్ కూడా వాళ్లు తెచ్చిందే, చింతపండు పులుసు, వేయించిన ఎర్రగడ్డలు, చెనక్కాయ నూనె వేసి కలిపితే మన నాలుకకి పరాయిదని అనిపించదు.

వాళ్లు పోయినాక రంగూన్ పెరిగింది గానీ సుఖపడలేదు. 1987లో మళ్లీ 25, 35, 75 క్యాట్ నోట్లు రద్దు చేసి 45, 90 నోట్లు తెచ్చినారు, జనం దాచుకున్నదంతా పోయింది, మరుసటేడు 1988 ఆగస్టు 8న ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది, సైన్యం కాల్చింది. 2005లో ఉన్నట్టుండి రాజధానిని నేపిడోకి ఎత్తుకుపోయినారు. 2008లో నర్గిస్ తుఫాను డెల్టాని తుడిచిపెట్టింది, లక్షా ముప్పైవేల మందికి పైగా పోయినారు, మిగిలిన రైతులు చాలామంది రంగూన్ అంచున లైంగ్ తాయాలో గుడిసెలు వేసుకుని బట్టల ఫ్యాక్టరీల్లో చేరినారు. 2014లో 1500 క్యాట్‌కి సిమ్ కార్డు దొరికినప్పుడు, అంతకుముందు దానికి లక్షలు పెట్టినోళ్లు ఉండారు, ఇంక మంచి రోజులు అనుకున్నారు. 2021 ఫిబ్రవరి 1న మళ్లీ సైన్యం. ఆ మార్చి 14న లైంగ్ తాయాలో సైన్యానికి ఎదురు నిలిచిన జనం మీద కాల్పులు జరిపితే ఒక్క రోజులో పదులమంది చనిపోయినారు. 1930లో రేవు, 2021లో బట్టల ఫ్యాక్టరీ, రెండుచోట్లా పోయింది కూలి చేసుకునే మనిషే.

రంగూన్ మీద పుస్తకాలు ఉండాయి, ఆ పాత బిల్డింగులు కాపాడేదానికి 2012 నుంచి ఒక ట్రస్టు కూడా పనిచేస్తా ఉంది, మంచిదే. కానీ మూటలు మోసినోళ్ల కథ గోడల మీద ఉండదు, ఇండ్లల్లో ఉంటాది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి పక్క వాళ్లు ఎవరైనా ఇది చదువుతా ఉంటే, తిరుపతిలో స్థిరపడినోళ్లు కూడా చాలామంది ఉండారు కదా, ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే ఒకసారి తీసి చూడండి. మనియార్డరు రసీదు గానీ, స్టీమర్ టికెట్ గానీ, బర్మా నోటు గానీ, 1964లో ఇచ్చిన గుర్తింపు కాగితం గానీ ఉంటే పారేయొద్దు, ఫోటో తీసి పెట్టండి, పెద్దోళ్లు ఉంటే వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి, ఏ రేవులో ఎక్కినారు, ఏ మేస్త్రీ తోలుకుపోయినాడు, ఏ మిల్లులో చేసినారు అని పేర్లతో అడగండి. మేము అత్తమ్మ చెప్పేది రికార్డు చేయడం మొదలుపెట్టినాము, ఇప్పటికి ఆమె నాయన కాలం దాకా వచ్చింది, తాత నడిచొచ్చిన దారి సంగతి ఇంకా చాలా ఉండాది.